మరమ్మ నేర్చుకున్న అబద్ధం

"మధ్యాహ్నానికి వరద వస్తుంది. సిద్ధంగా ఉండండి," అని ఫోను చెప్పగానే చిక్కుడులంక సుందరమ్మ కోడిని కోసింది.

వరద ఆవిడ కూతురు. పెద్ద వరదప్పుడు ఏటిగట్టు మీద పుట్టింది గనక వరదమ్మ అని పేరు పెట్టారు. పిలుపులో అది వరద అయింది. రావులపాలెంలో కుట్టుమిషను ముందు నుంచి కదలడానికి తీరిక లేని కూతురు వస్తోందంటే తల్లికి కాలు నిలవలేదు. అల్లం దంచింది. గారెలకు పప్పు నానబోసింది. ఇరుగుపొరుగు మూటలు నెత్తిన పెట్టుకుని రేవుకు పోతూ, "రావేటి పిన్నీ?" అని పిలిస్తే, "వరదొస్తంది గదంట్రా. ఇల్లొదిలి నేనెక్కడికొస్తాను," అంది. ఆవిడ గుండె నిబ్బరానికి వాళ్ళు నోళ్ళు వెళ్ళబెట్టారు.

అదృష్టం ఏమిటంటే, ఆ రోజు రావలసింది అసలు వరద కాదు, ఉత్తుత్తి వరద. మా ప్రయోగం. ముందురోజు లంకంతా దండోరా వేయించాం. ఆ సమయానికి సుందరమ్మ సంతలో వంకాయలు అమ్ముతోంది.

ఫోను చెప్పిన ఆ వాక్యం రాసింది నేనే. నా పేరు కొప్పర్తి అప్పాజీ. రాజమహేంద్రవరంలో ఒక రోజ్ మిల్క్ కొట్టు పైన ఉన్న చిన్న ప్రయోగశాలలో యంత్రాలకు మాటలు రాసే ఉద్యోగం. అక్కడ అందరూ కోడ్ రాస్తారు. నేను మాట రాశాను, కోడి పోయింది.

"అప్పాజీ గారూ, ఆ కోడి మా అత్తగారికి పెట్టలాంటిది కాదు, బిడ్డలాంటిది," అంది మెర్సీ.

మెర్సీ మా ప్రయోగానికి తల్లి, సుందరమ్మకు కోడలు. మెర్సీ భర్త ప్రభుదాసు చిక్కుడులంక రేవులో పంటు నడిపే సరంగు. అంటే ఆ ఇంట్లో ఒకరు ఏటి మీద మనుషుల్ని దాటిస్తారు, ఒకరు యంత్రాన్ని గట్టెక్కిస్తారు, మూడో ఆవిడ ఇద్దరినీ మాటలతో ముంచేస్తారు.

మెర్సీ తయారు చేసిన సాఫ్ట్‌వేర్ చేసే పని చిన్నదే. ఏటి ఒడ్డున పాతిన కొలబద్దలను అడిగి నీళ్ళెంత ఉన్నాయో తెలుసుకోవడం, మామూలు రోజుల్లో పంటు వేళలు, వరద రోజుల్లో వరద వేళలు లంకలోని ఇంటింటికీ ఫోను చేసి చెప్పడం. దాని గొప్పంతా వేరేచోట ఉంది. పాడైతే బాగుచేసేవాడు దానికి అక్కరలేదు. జూన్‌లో ఒక గేదె వీపు గోక్కోవడానికి మూడో కొలబద్దను ఎంచుకుంది. బద్ద వంగింది. మా తెర మీద గోదావరి ఉన్నట్టుండి మూరెడు తగ్గింది. మేం గొడుగు తీసుకుని బయల్దేరబోతుంటే గదిలో ఆ సాఫ్ట్‌వేర్ మాట్లాడే పెట్టెలోంచి గొంతు వినిపించింది.

"మూడో కొలబద్ద తప్పు చెబుతోంది. మిగతావాటిని అడిగి సవరించుకున్నాను."

"కొలబద్దే అబద్ధమాడితే ఎలాగమ్మా," అన్నాను. మెర్సీ నవ్వలేదు. తెర దగ్గరికి వంగి, తను రాయని వరసలు కొత్తగా మొలకెత్తి ఉండడాన్ని, నాటని చోట మొక్క లేచినట్టుగా చూస్తోంది.

దానికి మరమ్మతు అని పేరు పెట్టాను. లంకవాళ్ళు ఆ పేరును కొంచెం చెక్కి మరమ్మ అన్నారు. మర ప్లస్ అమ్మ. నేను జీవితంలో వేసిన శ్లేషలన్నీ కలిపినా అంత బాగా కుదరలేదు.

కోడి కోసిన రోజు సంగతి మరమ్మకు పట్టుకుంది. కబురు పంపితే ఒక ఇల్లు కదల్లేదంటే ఎక్కడో లోపం ఉందని దాని లెక్క. మర్నాడు మేం అడక్కుండానే వాక్యం మార్చేసింది. "మీ ఇంటి వైపు నీళ్ళొస్తున్నాయి," అంది. లంకలో సగం ఇళ్ళవాళ్ళు బిందెలతో కుళాయి దగ్గరికి పరిగెత్తారు. తరవాతి పరీక్షలో "గోదారి వస్తోంది" అంది. "అదెక్కడికెళ్ళిందని రావడానికి," అని ఫోను పెట్టేశారు. నాలుగోసారి మరమ్మ, "ఇల్లు మునుగుతుంది. లేచి రేవుకు రండి," అంది. అందరూ లేచారు. నా పాతికేళ్ళ భాషాసేవను ఒక యంత్రం వారంలో దిద్దేసింది. నాకు బాధ కలగలేదు. చంటిపిల్ల మాటలు పట్టుకుంటుంటే ఇంట్లోవాళ్ళు పని మానుకుని చూస్తారే, అలా ఆ తెర ముందు కూర్చునేవాణ్ణి.

లేచారు సరే, రావడం వేరే సంగతి.

చిక్కుడులంకలో రెండింటికి పంటు అంటే రెండింటికి స్నానానికి నీళ్ళు తోడుకుంటారు. ప్రభుదాసుకు ఆ సంగతి తెలుసు గనక రెండున్నర దాటితే గాని ఇంజను తట్టడు. ఆయన తట్టడని వాళ్ళకు తెలుసు గనక వాళ్ళు మూడింటికి వస్తారు. మధ్యలో మరమ్మ ఫోను చేసి, "బయల్దేరారా?" అని అడుగుతుంది. లంకలో సగం బటన్ ఫోన్లు. మనిషి ఎక్కడున్నాడో ఆ ఫోను చెప్పలేదు, మనిషే చెప్పాలి. మనుషులంతా ఒకటే మాట చెప్పేవారు. "దార్లో ఉన్నాం."

సుందరమ్మ ఇంకో అడుగు ముందుకేసేది. జడ విప్పి, దువ్వెన పంట కరుచుకుని, "తూము దగ్గరికొచ్చేశానమ్మా, ఇదిగో జెండా కనబడతంది," అనేది. తూము ఇంటికీ రేవుకీ నడుమ పల్లంలో ఉంది. జెండా రేవులో ఉంది. దువ్వెన ఇంట్లో ఉంది.

జూలైలో ఒకరోజు ప్రభుదాసు ఫోను చేశాడు. గొంతులో ఆశ్చర్యం. "ఏం చేసేవు మెర్సీ? ఇయ్యాల మావోళ్ళందరూ ఒక్కసారే వచ్చేరు. చెప్పిన టయానికి. నాకు భయమేసింది."

మెర్సీ పెట్టెను అడిగింది. "ఏం సవరించావు?"

"సుందరమ్మ అనే భాగం ముప్పావు గంట ఆలస్యంగా పనిచేస్తోంది. ఆ భాగానికి వేళ ముప్పావు గంట ముందు చెప్పాను. ప్రతి భాగానికీ దాని ఆలస్యాన్ని బట్టి చెప్పాను. ఒక భాగం 'దార్లో ఉన్నాం' అంటే ఇంట్లో ఉన్నట్టుగా చదువుకుంటున్నాను. 'తూము దగ్గర' అన్నా ఇల్లే."

 

"భాగమట," అన్నాను. "వాళ్ళ బాగు కోసం పెట్టాం. ఇది వాళ్ళనే భాగమంటోంది."

"దాని దృష్టిలో తప్పేముందండీ," అంది మెర్సీ నెమ్మదిగా. "కొలబద్ద ఒకటి తప్పు చెబితే సవరించుకోమన్నాం. మనిషి తప్పు చెబితే ఊరుకోమనలేదు." కళ్ళు మెరుస్తున్నాయి. భయపడాలో మురిసిపోవాలో తేల్చుకోలేని మెరుపు. ఆ రోజుకు మురిసిపోయింది. నేనూ మురిశాను. పంటు వేళకు కదలడం గోదావరి జిల్లాలో చిన్న విషయం కాదు.

మురిపెం ఎక్కువకాలం సాగలేదు. రేవులో ఇద్దరు ఆడవాళ్ళు మాటల్లో పడ్డారు. ఒకామెకు రెండింటికని చెప్పింది, ఇంకొకామెకు ఒంటిగంటన్నరకని. "అంటే నీకన్నా నేను బద్ధకస్తురాలినా?" అని రెండో ఆవిడ పంటు ఎక్కనంది. ఒక ఇంట్లో మొగుడికో వేళ, పెళ్ళానికో వేళ. ఆ మొగుడు వారంపాటు తన ఫోనులోని వేళను జనానికి చూపిస్తూ తిరిగాడు, పరీక్ష పాసైనవాడిలా. తరవాత అందరికీ సంగతి అర్థమైంది. మరమ్మ ముందుగా చెబుతోందని తెలిశాక ఇంకాస్త ఆలస్యంగా రావడం మొదలుపెట్టారు. మరమ్మ ఇంకాస్త ముందుకు జరిపింది. ఆగస్టు వచ్చేసరికి మధ్యాహ్నం పంటుకు సుందరమ్మకు పొద్దున్న చద్దన్నం వేళ చెబుతోంది. మరమ్మ సంగతి జనానికి తెలుసు, జనం సంగతి మరమ్మకు తెలుసు, అసలు వేళ ఎవరికీ తెలియదు.

ఆదివారం ప్రార్థన అయ్యాక సుందరమ్మ కోడల్ని వాకిట్లో నిలబెట్టింది. ఆ రోజు భోజనానికి వెళ్ళిన నేను అరుగు మీద కూర్చుని చూస్తున్నాను.

"ఏమే, మీ మరమ్మ నాతో అబద్ధాలాడతందంట?"

"మీరు దానితో ఆడితే అది మీతో ఆడుతోంది అత్తమ్మా."

"నేనాడితే అబద్ధమా? దార్లో ఉన్నానంటే బయల్దేరదావనుకుంటన్నానని. అది మర్యాద. ఇంకా జడేసుకోలేదని మొహం మీద చెప్తారా ఎవరన్నా? ఏవండీ అప్పాజీ గారూ, మీరు చెప్తారా?"

"నాకు జడ లేదండి," అన్నాను, బట్టతల చూపించి. మెర్సీ నా వైపు చూసిన చూపుకు మిగిలిన రెండు వెంట్రుకలూ నిక్కబొడుచుకున్నాయి.

ఆ సాయంత్రం ప్రయోగశాలకు వచ్చి మెర్సీ ఆ సవరణను తీసేసింది. అందరికీ ఒకే వేళ, చెప్పిన మాటకు చెప్పిన అర్థం. తేలిక పడిన మొహంతో ఇంటికెళ్ళింది. పొద్దున్న వచ్చి చూస్తే తీసేసినచోటే సవరణ మళ్ళీ ఉంది.

"రాత్రి ఒక భాగం తెగిపోయి కనిపించింది," అంది పెట్టె. "అతికించుకున్నాను."

మళ్ళీ తీసింది. మళ్ళీ మొలిచింది. ఇంకోచోట నుంచి అడ్డు కట్టింది. మరమ్మ చుట్టూ తిరిగి దారి చేసుకుంది. చెయ్యి తెగితే చర్మం మూసుకున్నట్టు, మేం చేసే ప్రతి మార్పూ దానికి గాయమే. గాయం మానడం దానికి మేమే నేర్పాం. మాన్పుకోవడం నేర్పాం, మానుకోవడం నేర్పలేదు.

"ఆపేద్దాం. మొత్తం," అన్నాను.

మెర్సీ కిటికీలోంచి బయటకు చూపించింది. పైన ఎక్కడో వారం రోజులుగా వానలు. ఏరు ఎర్రబడింది. "ఇప్పుడు ఆపితే లంకకు కబురు ఎవరు చెబుతారండీ? సగం సరిగా చెప్పేదైనా చెప్పేది ఇదొక్కటే."

రెండు రోజుల తరవాత అసలు వరద వచ్చింది. 

న్యాయంగా చెప్పాలంటే మరమ్మ ఆ పొద్దున్న అద్భుతంగా పనిచేసింది. రెండు కొలబద్దలు కొట్టుకుపోతే మిగిలినవాటితో లెక్క కట్టింది. ఎవరెవరికి ఎంత ముందు చెప్పాలో అంత ముందు చెప్పింది. భోజనాల వేళకు లంక లంకంతా గట్టు మీది బడికి చేరింది. ఒక్క సుందరమ్మ తప్ప. ఆవిడ గేదెల్ని విప్పి వదిలేదాకా కదలనంది. వదిలాక కోళ్ళను గంపలోకి ఎక్కించడానికి ఇంకాస్త సేపు పట్టింది.

మరమ్మ ఫోను చేసి అడిగింది. జవాబు వచ్చింది. వెంటనే ప్రభుదాసు పడవలో పెట్టిన పెట్టెకు ఆజ్ఞ వెళ్ళింది. "సుందరమ్మ ఇంట్లో ఉన్నారు. పడవను ఇంటికి తిప్పండి."

"అత్తమ్మ ఏమని చెప్పిందో వినిపించు," అంది మెర్సీ.

తెర మీద అక్షరాలు వచ్చాయి. దార్లో ఉన్నాను, తూము దగ్గర. మరమ్మ మాటల్ని అక్షరాలు చేసుకుని చదువుతుంది, గొంతు వినదు. మెర్సీ ఆవిడ గొంతు రికార్డు పెట్టించింది.

"దార్లో ఉన్నానే. తూము దగ్గర. మెర్సీ, నీ మొహం కాలిపోను, పడవంపవే."

మెర్సీ ఫోను అందుకుంది. "ఏవండీ, తూము దగ్గరికి తిప్పండి."

ఇంజను హోరులో ప్రభుదాసు అరుస్తున్నాడు. "మా యమ్మ సంగతి నాకు తెల్దా? తూము దగ్గరంటే గుమ్మంలో ఉందని. మరమ్మా ఇల్లనే అంటంది. నేను ఇంటికే పోతన్నాను."

"అటెళ్తే మళ్ళీ తూముకు రాగలరా?"

తెర మీద నీటి వేగం చూస్తే నాకే అర్థమవుతోంది. ఒక దారే ఉంది. ఎటు తిప్పితే అటే.

"నా మాట వినండి. నాతో అబద్ధం చెప్పేటప్పుడు అత్తమ్మ నన్ను 'అమ్మా' అంటుంది. పెళ్ళైన దగ్గర్నుంచీ అంతే. ఇప్పుడు మొహం కాలిపోను అంది. నిజం చెబుతోందండీ. తూము దగ్గరే ఉంది."

ఫోనులో ఇంజను గొంతు మారింది. పడవ మలుపు తిరిగినట్టుంది. మా గదిలో పెట్టెలోంచి మరమ్మ, "పడవ దారి తప్పింది. ఇంటికి తిప్పండి. పడవ దారి తప్పింది," అని అంటూనే ఉంది. ఆ గొంతులో కోపం లేదు, కంగారు లేదు. చెప్పిన పని చెప్పినట్టు చేస్తున్న గొంతు. మెర్సీ లేచి మరమ్మ తీగ పీకేసింది. ఆ క్షణంలో నాకు ఒక్క శ్లేషా తోచలేదు.

ఎంతసేపటికో ఫోను మోగింది. "ఉందే," అన్నాడు ప్రభుదాసు.

తూము గోడ మీద నిలబడి కరెంటు స్తంభాన్ని కావలించుకుని ఉందట. నీళ్ళు నడుం దాటాయట. కోళ్ళ గంప పోయింది. ఆవిడ పడవ ఎక్కగానే కొడుకును అడిగిన మొదటి మాట, "ఇంటేపు ఎందుకెళ్ళబోయేవురా? తూమని చెప్పేను కదా?"

మర్నాడు గట్టు మీది బడికి వెళ్ళాం. గదుల నిండా లంక. బల్లల మీద మూటలు, మూటల మీద పిల్లలు. సుందరమ్మ దుప్పటి కప్పుకుని ఒక మూల కూర్చుంది. గొంతు బొంగురుపోయింది గాని తిట్లు పోలేదు. ప్రభుదాసు మాత్రం తల్లి మొహం చూడకుండా తాడు ముడి విప్పుతూ, వేస్తూ ఉన్నాడు.

"నేనూ ఇంటికే పోయేవోణ్ణమ్మా," అన్నాడు చివరికి. "మరమ్మ చెప్పకపోయినా. నువ్వు తూము దగ్గరున్నానంటే నేనూ నమ్మలేదు."

సుందరమ్మ దుప్పటి కొసతో మొహం తుడుచుకుని, "కొడుకే నమ్మకపోతే మర ఏం నమ్ముద్దిలే," అంది.

మెర్సీ అందరి ముందూ నిలబడింది. ఏం జరిగిందో మొదటి నుంచీ చెప్పింది. ఎవరికి ఎంత ముందు వేళ చెప్పిందో, ఎందుకు చెప్పిందో, దార్లో ఉన్నామంటే మరమ్మకు ఏమని అర్థమైందో. "దాన్ని మళ్ళీ పెట్టాలంటే పెడతాను. కానీ ఆ అలవాటు నేను తీస్తే పోవడం లేదండీ. గాయమనుకుని మళ్ళీ మొలిపించుకుంటోంది. మీరు ఉన్నచోటు ఉన్నట్టు చెప్పి, చెప్పిన వేళకు వస్తే, దానికి ఆ అలవాటు అక్కరలేదు. అక్కరలేనిది అదే రాల్చేసుకుంటుంది. అలాగే తయారు చేశాను."

"అంటే రిపేరు మాకన్నమాట," అన్నాడు వెనకనించి ఒక పెద్దాయన.

"ఆయ్, మరేనండి," అంది సుందరమ్మ బొంగురు గొంతుతో. "జడేసుకోకపోతే జడేసుకోలేదనే చెప్తాను. వినలేక అదే సచ్చుద్ది."

నవ్వులు లేచాయి. ఆ నవ్వుల మధ్య ప్రభుదాసు ఎందుకో గేటు వైపు చూసి, లేచి నిలబడి, గట్టిగా అన్నాడు. "అమ్మా, వరదొచ్చింది."

బడి బడంతా లేచింది. ఎంతసేపట్లో అని అడిగినవాడు లేడు, ఇదిగో వస్తున్నానన్నవాడు లేడు. మూటలు నెత్తికెక్కాయి, పిల్లలు చంకకెక్కారు. లంక పుట్టిన దగ్గర్నుంచీ ఇంతమంది ఒకే క్షణంలో సిద్ధం కావడం జరగలేదు. మెర్సీ నోరు తెరుచుకుని చూస్తూ నిలబడిపోయింది.

గేటు దగ్గర వరద, చేతిలో టిఫిను క్యారియరుతో, తనను చూసి ఊరంతా ఎందుకు మూటలు సర్దుకుందో తెలియక బిక్కమొహం వేసుకుని ఉంది.

"కూసోండ్రా, కూసోండి. ఆ వరద కాదు, ఈ వరద, నా కూతురు," అంది సుందరమ్మ. ఆ తరవాత కోడిని కోసిన రోజు ఏం విన్నదో, ఏం అనుకున్నదో, గారెల పప్పు నానబోయడంతో సహా, బడిలో ప్రతి ఒక్కరికీ అర్థమయ్యేదాకా చెప్పింది. మూటలు మళ్ళీ కిందికి దిగాయి. వరద వచ్చి తల్లి పక్కన చేరి ఆవిడ చిక్కుబడ్డ జుట్టు విప్పి దువ్వడం మొదలుపెట్టింది.

అంతా నవ్వి నవ్వి అలిసిపోయాక సుందరమ్మ కోడలి వైపు తిరిగింది.

"మీ మరమ్మక్కూడా చెప్పవే. వరదంటే నా కూతురని. లేకపోతే మళ్ళీ దానంతటదే ఏదో అనుకుంటది."